పసుపు టోపీ, పచ్చ టోపీ

కారులో పసిపిల్లల సీటుకి బకిల్ కనిపెట్టినవాడికి పిల్లలుండరని డార్సీకి గట్టి అనుమానం. తీసేటప్పుడు ఒక వేలు చాలు. పెట్టేటప్పుడు రెండు చేతులూ, ఒక మోకాలూ, నాలుగు బూతులూ కావాలి. అతని కారులో అలాంటి సీట్లు రెండున్నాయి. ఎడమవైపుది రోజూ ఏడిపిస్తుంది. కుడివైపుది పాపం ఎప్పుడూ పేచీ పెట్టలేదు.

కెనడాలో సడ్‌బరీ అనే ఊరి చివర, నల్లరాతి గుట్టల మధ్య షూటింగు. కథలో ప్రపంచం అంతమైపోయింది. మిగిలింది ఒక తండ్రి, అతని చంకలో ఒక పసివాడు, ఎటు చూసినా బూడిద.

ప్రపంచం అంతమైనా పార్కింగు మాత్రం దొరకదు. డార్సీ కారు ఎక్కడో పెట్టి, రెండు సీట్లూ రెండు చేతులకి తగిలించుకుని, ఒక పక్కకి ఒరిగిపోతూ నడిచొచ్చేవాడు. సినిమా బూడిద పడకుండా రెండిటి మీదా దుప్పట్లు కప్పేవాడు.

"మళ్లీ నడుం పట్టేసిందా, స్టార్ నాన్నా?" అనేది అసిస్టెంట్ డైరెక్టర్ టెస్. వెంటనే వాకీటాకీలో అరిచేది. "ఆర్లో, ఎమెట్ వచ్చేశారహో!"

లైట్లవాళ్లు, మేకప్‌వాళ్లు, కాఫీ పోసే ఆవిడ, అందరూ అందుకునేవాళ్లు. "గుడ్ మార్నింగ్ ఆర్లో! గుడ్ మార్నింగ్ ఎమెట్!"

ఆ కేక చెవిన పడితే గానీ డార్సీకి తెల్లారినట్టు ఉండేది కాదు.

సినిమావాళ్లకి కవలలంటే ప్రాణం. పసివాణ్ణి కెమెరా ముందు కాసేపే ఉంచాలని రూలు. ఒకడు అలిసిపోతే రెండోవాణ్ణి తెస్తారు. తెర మీద ఒక్కడే, తెర వెనక ఇద్దరు. అందుకే ఆర్లో, ఎమెట్ కడుపులో ఉండగానే బుక్కయిపోయారు. అప్పట్లో డార్సీ ఈ సంగతి చెప్పని మనిషి ఊళ్లో లేడు. పళ్ల డాక్టరుకైతే నోట్లో పరికరాలుండగానే చెప్పాడు. అత్తగారు రెండు ఆటోగ్రాఫ్ పుస్తకాలు కొనేసింది.

భార్య కర్స్టి మాత్రం షూటింగుకి ఒక్కసారీ రాలేదు.

"ఎన్నాళ్లిలా? ఇంక చాలు డార్సీ," అంది ఆ రోజు పొద్దున, పాలసీసా చేతికిస్తూ.

"ఇవాళే ఆఖరు. ఒప్పుకున్నాం కదా."

"ఒప్పుకున్నప్పటి సంగతి వేరు."

డార్సీ బకిల్‌తో కుస్తీకి వెళ్లిపోయాడు. ఆఖరు అన్న ముక్క నోటితో అనేశాడు గానీ, అతని భయమంతా అదే. రేపట్నుంచి ఆ కేక ఉండదు.

పిల్లల వ్యానులోకి తల్లిదండ్రులు, నర్సు లోర్నా తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకూడదు. లోర్నా తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని, ఊలు అల్లుకుంటూ కాపలా కాసేది. "ఒకడు పడుకున్నాడు, గోల చెయ్యకండి," అని అందర్నీ తరిమేది. ఆర్లోకి పసుపు టోపీ, ఎమెట్‌కి పచ్చ టోపీ. పసుపు టోపీ వెళ్లేది, వచ్చేది. కాసేపాగి పచ్చ టోపీ వెళ్లేది.

"ఏంటి లోర్నా, ఇద్దరికీ కలిపి ఒక్కడి టైమే ఇస్తావ్!" అని డైరెక్టరు రోజూ గొణిగేవాడు.

"చాలకపోతే బొమ్మతో తీసుకో," అనేది లోర్నా, అల్లిక ఆపకుండా.

ఆఖరి సీనుకి ముందు హీరో వచ్చి డార్సీ పక్కన కూలబడ్డాడు. మొహం నిండా మసి. ఆయనకి పిల్లల్లేరు, సందేహాలు మాత్రం బోలెడు.

"ఒక్కటి చెప్పు డార్సీ. అంతా పోయింది. చేతిలో వీడొక్కడే మిగిలాడు. అప్పుడు తండ్రి ఏం చేస్తాడు? ఆకాశం కేసి చూసి అరుస్తాడా? మోకాళ్ల మీద పడతాడా?"

డార్సీ వెంటనే అన్నాడు, "డైపర్ మారుస్తాడు."

"తర్వాత?"

"పాలు కలుపుతాడు. కాలుతున్నాయేమోనని మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుంటాడు."

"మరి ఏడవడా?"

"చెయ్యి ఖాళీ ఉండదు కదండీ."

హీరో వెళ్లి అచ్చం అదే చేశాడు. యూనిట్ యూనిట్ అంతా ముక్కులు చీదుకుంది. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు.

డార్సీకి ఒక్కడికే తృప్తి లేదు. "ఎమెట్‌తో కూడా ఇంకోసారి తియ్యండి. వాడికి ఛాన్స్ తక్కువొచ్చింది."

"చాల్లేవయ్యా!" నవ్వింది టెస్. "నువ్వు అచ్చం స్టార్ నాన్నవే. ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు, ఎవడైతేనేం?"

లోర్నా మొదటిసారి అల్లిక ఆపింది. వాచీ చూసుకుంది. డార్సీ మొహం చూసింది. "తియ్యండి," అంది. "కాసేపే."

పచ్చ టోపీ బయటికొచ్చింది. "జరగండి జరగండి, ఎమెట్ వస్తున్నాడు!" అని టెస్ అరిచింది. డార్సీ కళ్లు మూసుకుని విన్నాడు.

సాయంత్రం కేకు కోశారు. దాని మీద క్రీముతో ఇద్దరి పేర్లూ రాయించారు. ఎమెట్ పేరున్న ముక్కని డార్సీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, డబ్బాలో పెట్టుకున్నాడు. "ఇంత కక్కుర్తా!" అంది కాఫీ ఆవిడ. లోర్నా మాత్రం ఇన్నాళ్లూ అల్లిన మేజోళ్లు అతని చేతిలో పెట్టింది. రెండు జతలు.

డార్సీ ఒక పక్కకి ఒరిగిపోతూ కారు దాకా నడిచాడు. ఎడమవైపు బకిల్ ఎప్పట్లాగే ఏడిపించింది.

పిల్లల్ని పెంచినవాళ్లు మీరు, మీకు దణ్ణం పెడతాను, ఆ పిచ్చి తండ్రికి ఒక్క సలహా చెప్పండి: ఇద్దరి పేర్లూ పిలిచేవాళ్లు రేపట్నుంచి ఇంకెవరూ ఉండరు కాబట్టి, ఆసుపత్రి నుంచి ఒక్కణ్ణే ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచీ ఖాళీగా ఉన్న ఆ కుడివైపు సీటుని ఉంచమంటారా, తీసెయ్యమంటారా?