బొమ్మ ఉన్నంత మేరకే

ఊరి గోడల నిండా బూడిదరంగు చదరాలు, చిరిగిన బట్టకు వేసిన మాసికల్లాగా.

అన్నీ అతని చేతి చలవే.

పాత స్కూటరు, రంగు డబ్బా, రోలరు, చిన్న స్టూలు, ఫోను. ఇదీ సరంజామా. సందుగొందులన్నీ గాలించి, ఎవరో గోడ మీద వేసిపోయిన బొమ్మను పట్టుకోవాలి. ముందొక ఫోటో తియ్యాలి. బొమ్మను రంగుతో కప్పెయ్యాలి. అదే చోట నిలబడి ఇంకో ఫోటో తియ్యాలి. రెండూ మున్సిపాలిటీ ఆఫీసుకు పంపాలి.

"పనీపాటా లేని సన్నాసులు," అని గొణుక్కునేవాడు. ఫ్లైఓవర్ కింద రెక్కలు విప్పిన చేపను చూసినా అంతే, మూతపడ్డ సినిమాహాలు వెనక నాలుక చాపిన సింహాన్ని చూసినా అంతే.

గొణుక్కుంటూనే, ఎండ ఏటవాలుగా పడేదాకా ఆగి మరీ ఫోటో తీసేవాడు. ఎందుకని అడిగితే కసురుకునేవాడు.

పంపేశాక కూడా ఆ ఫోటోలను చెరిపేవాడు కాదు.

"ఫోను నిండా గోడలే. నా మొహం ఒక్కటైనా ఉందా అందులో?" అనేది భార్య.

"నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాగా."

"చూస్తే కదా!"

ఆమె బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుట్టేది. పని మధ్యలో ఒంటికి వెళ్ళడానికి కాస్త వ్యవధి ఇమ్మని అడిగినందుకు ఆమెనూ, ఆమెతో గొంతు కలిపిన వాళ్ళనూ బయటికి పంపి గేటు వేశారు. అప్పట్నుంచీ వాళ్ళంతా ఆ గేటు పక్కనే చాప పరుచుకుని కూర్చుంటున్నారు.

"నువ్వు కూర్చుంటే తెరుచుకునే గేటా అది? ఉన్న ఒక్క సంపాదనా ఊడగొట్టేలా ఉన్నావు," అనేవాడు.

"నీ పనికేం ఢోకా? ఊళ్ళో గోడలున్నాయిగా."

ఆ రోజు భోజనాలవేళ ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఆ బట్టల ఫ్యాక్టరీ గోడ మీదే బొమ్మ. యజమాని మండిపడుతున్నాడు. సాయంత్రానికల్లా కనబడకూడదు.

"బొమ్మ ఉన్నంత మేరకే వెయ్యి. కిందటిసారి గోడంతా పులిమి డబ్బా ఖాళీ చేశావు. ఒక్క అంగుళం బయటికి పోయిందా, నేనూరుకోను."

గోడ ముందు స్కూటరు ఆపి చూశాడు.

పసుపు గోడ మీద ఆడవాళ్ళు, నిలువెత్తున. మధ్యలో ఒకావిడ చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. ఎడమ భుజం కొంచెం దిగి ఉంది. మిషన్ మీద వంగీ వంగీ దిగిపోయిన భుజం.

ఇన్నేళ్ళుగా తన పక్కనే పడుకుంటున్న భుజం. అది దిగిపోయిందని గోడ చెబితేగానీ తెలియలేదు.

"కాజాలు కుట్టే పిల్ల వేసింది. బాగా వచ్చానా?" అంది భార్య, చాప మీంచి లేవకుండానే.

అతను స్కూటరు మీంచి స్టూలు దించాడు.

చాప మీది పెద్దావిడ నోరు ఊరుకోదు. "ఏం అల్లుడూ, పెళ్ళాన్ని తుడిచెయ్యడానికి కూడా జీతమిస్తున్నారా నీకు?"

అందరూ గొల్లున నవ్వారు. భార్య నవ్వలేదు.

"ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి," అని చాపను పక్కకు లాగింది, స్టూలు వేసుకోవడానికి చోటిస్తూ.

దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ముందు ఫోటో తీశాడు. డబ్బా మూత తీశాడు. రోలరు ముంచాడు. నాలుగు లాగుళ్ళు లాగితే పనైపోతుంది.

రోలరును డబ్బా అంచుకేసి నొక్కి, పీల్చుకున్న రంగంతా పిండేశాడు.

స్కూటరు డిక్కీలోంచి సన్న బ్రష్షు తీశాడు.

ఎత్తిన చేతి వేళ్ళ దగ్గర మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ విడివిడిగా, గీత దాటకుండా. వేలికీ వేలికీ మధ్య పసుపు పసుపుగానే వదిలేశాడు. తర్వాత చెవి. జుట్టు ముడి. దిగిన భుజం దగ్గర ఊపిరి బిగబట్టాడు.

చాప మీద పరాచికాలు ఆగిపోయాయి.

"కప్పెయ్యమంటే చెక్కుతున్నావేంటయ్యా?" అన్నాడు గేటు కాపలావాడు.

"అంగుళం బయటికి పోకూడదంట. ఆర్డరు."

పొద్దు వాలేసరికి ఆ బొమ్మలో వేసిన రంగు ఒక్కటీ లేదు. ఒక్క మొహమూ లేదు.

పసుపు గోడ మీద బూడిదరంగు ఆడవాళ్ళు, నిలువెత్తున. మధ్యలో ఒకావిడ చెయ్యి పైకెత్తి.

అదే చోట నిలబడి ఫోటో తీసి పంపాడు. ఫోను వెంటనే మోగింది.

"ఏంటిది, వేళాకోళమా? బొమ్మ అలాగే ఉంది!"

"బొమ్మెక్కడుంది సార్? కళ్ళున్నాయా, ముక్కుందా, చూడండి."

"మనుషుల్లాగే ఉన్నారు కదయ్యా!"

"మనుషులే కదా సార్."



"చుట్టూ కూడా వేసెయ్. గోడంతా వేసెయ్."

"వెయ్యను."

"ఏమన్నావ్?"

"వెయ్యనన్నాను."

"అయితే రేపట్నుంచి రాకు. డబ్బా తెచ్చి ఆఫీసులో పడేసి పో."

"రంగు చాలా మిగిలింది సార్. అదీ తెస్తాను."

ఫోను జేబులో పెట్టుకోబోతుంటే భార్య అడిగింది. "ఏమన్నాడు?"

"రేపట్నుంచి నేనూ ఖాళీయే."



భార్య లేచింది. బట్టలు దులుపుకుంది. గోడ దగ్గరికి వెళ్ళి, బూడిదరంగు మనిషి పక్కన నిలబడి చెయ్యి పైకెత్తింది.

"తియ్యి."

ఫోను ఎత్తి నొక్కాడు. లోపల జాగా లేదంది ఫోను.

ఏవి తీసెయ్యాలో వెతికాడు. చేప వచ్చింది. సింహం వచ్చింది. వాటి జోలికి పోలేదు. బూడిదరంగు చదరాలను ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాడు.

"త్వరగా కానియ్యి, చెయ్యి లాగేస్తోంది," అందామె.

దించలేదు మాత్రం.