చలికాలపు చుట్టం

కొండల నడుమ ఉన్న సరస్సుకు చలికాలంలో మాత్రం వచ్చిపోయే బాతు ఒకటి ఉండేది. వెళ్లే ముందు ప్రతిసారీ అక్కడి నీటికుక్కను చూసి జాలిపడేది. "మేం పోయాక ఇక్కడేముంటుంది తమ్ముడూ? ఎలా గడుపుతావో ఏమో!"

ఒక ఏడాది తిరుగు ప్రయాణం రోజునే దాని రెక్క కొమ్మకు కొట్టుకుని విరిగింది. గుంపు ఆగలేక వెళ్లిపోయింది. బాతు ఒడ్డున ముడుచుకుని కూర్చుంది.

"చచ్చేదానివైతే రేపు చద్దువుగానిలే బాతక్కా. ఇవాళ కొండెక్కుదాం పద," అంది నీటికుక్క.

"ఆ కొండ మీంచి ఎన్నిసార్లు ఎగిరానో తెలుసా?"

"ఎగిరావు సరే. ఎక్కావా?"

బాతుకు రోషమొచ్చింది. పడుతూ లేస్తూ ఎక్కింది. ఎండాకాలమంతా రెండూ కొండమీది మడుగులో మునకలేశాయి, బండల చాటున దాగుడుమూతలాడాయి. వానలు పడ్డాక తడిసిన బండ మీంచి సరస్సులోకి జర్రున జారాయి. మొదటిసారి బాతు పెట్టిన కేకకు కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. రెండోసారి అది పడీపడీ నవ్వింది. రెక్క ఎప్పుడు అతుక్కుందో దానికే గుర్తులేదు.

మళ్లీ చలి మొదలైంది, గుంపు దిగింది. గుంపులోని ముసలి బాతు కళ్లనీళ్లు పెట్టుకుంది. "బతికే ఉన్నావుటే తల్లీ! ఇన్నాళ్లూ ఈ పాడుచోట ఒక్కదానివే ఏం చేశావే?"

"పైనుంచి చూస్తే ఇవాళ సరస్సంతా మంచు కప్పుకుని ఉంటుందత్తా. రా, చూపిస్తాను."

"ఆ కొండ దాటే కదే వచ్చాం!"

"దాటావు సరే అత్తా. ఎక్కావా?" అంటూ బాతు రెక్కలు ముడుచుకుని ముందు నడిచింది.