ఒలివారెస్ వారి చావు కబురు

"ఆ పేరు మాత్రం వేయించను. నాన్న ఆత్మ క్షోభిస్తుంది" అన్నాడు హసింతో.

"వేయించకపోతే నాన్న పోయాడని ఊళ్ళో ఒక్కడికీ తెలీదురా" అంది అక్క రెమెదియోస్ కళ్ళు తుడుచుకుంటూ.

తండ్రి ఆ తెల్లవారుజామునే పట్నం ఆస్పత్రిలో కన్నుమూశాడు. చర్చి తలుపుకి అంటించే చావు కబురు కాగితం మీద ఏం రాయాలన్నదే ఇప్పుడు తగువు. ఊళ్ళో సగానికి పైగా ఇంటిపేరు ఒలివారెస్సే. పేరు వెనక తండ్రి ఇంటిపేరూ, తల్లి ఇంటిపేరూ రెండూ రాసుకోవడం అక్కడి పద్ధతి; చాలామందికి రెండూ అదే. అందుకని అసలు పేరు కింద ఊరు పెట్టిన పేరు కూడా వేయడం అక్కడి అలవాటు. వీళ్ళ తాత ఎప్పుడో సంతలో గుడ్ల బుట్టలో కాలు పెట్టాడు. అప్పట్నుంచీ వంశం వంశమంతా 'గుడ్లు తొక్కినోళ్ళు'.

ఆ మాట వింటే హసింతోకి ఒళ్ళు మండిపోతుంది. తన మందుల షాపు గోడకి ఒలివారెస్ వారి వంశచిహ్నం పటం కట్టించి మరీ తగిలించుకున్నాడు.

"ఒలివారెస్ అంటే ఆలివ్ తోటలక్కా! మన పూర్వీకులు ఆ తోటల ప్రభువులు!"

"ప్రభువులైతే ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. ఇంతమందిమి ఉన్నామంటే కూలికి కాయలు దులిపినవాళ్ళమే అయ్యుంటాం."

చివరికి హసింతో మాటే నెగ్గింది. నల్లంచు కాగితం మీద, గొప్పవాళ్ళ పేరు ముందు పెట్టే డోన్ కూడా తగిలించి, 'డోన్ సతుర్నినో ఒలివారెస్ ఒలివారెస్ గారు' అని పెద్దక్షరాలతో వేయించాడు. అంత దుఃఖంలోనూ దాన్ని చూసుకుని కాస్త మురిసిపోయాడు.

మర్నాడు చర్చిలో శవపేటిక ముందు ఇంట్లోవాళ్ళూ, ఫాదర్‌గారూ మాత్రమే ఉన్నారు. గంట రెండోసారి కొట్టినా ఎవరూ రాలేదు. ఊరంతా ఇష్టపడ్డ మనిషిని మోయడానికి నలుగురు లేరు. హసింతోకి ఏడుపు తన్నుకొచ్చింది. కూడలిలో ఉన్న కసిమిరో బార్‌కి పరుగెత్తాడు.

తండ్రి స్నేహితులు డొమినో బిళ్ళలు పేర్చుకుని కూర్చున్నారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

"రావయ్యా! మీ నాన్న ఎప్పుడొస్తున్నాడు? ఆయన లేక ఆట చప్పగా ఉంది" అన్నాడు కసిమిరో.

"చర్చికి ఎవరూ రాలేదేం?"

"ఆ పెద్దమనిషి చావుకా? ఏ ఒలివారెసో ఏమో, మాకెవరికీ తెలీదు. డోన్ అని కూడా వేశారుగా, పట్నం ఆయనై ఉంటాడు పాపం."

హసింతోకి తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది. కూడలి మధ్యకి వెళ్ళి గొంతు చించుకున్నాడు.

"పోయింది గుడ్లు తొక్కినోడయ్యా! నేను గుడ్లు తొక్కినోడి కొడుకుని! రండి బాబూ!"

టపటపా కిటికీలు తెరుచుకున్నాయి. "అయ్యో, మన గుడ్లు తొక్కినోడే!" అంటూ ఊరు ఊరంతా చర్చికి కదిలింది. పేటిక మోయడానికి జనం పోటీలు పడ్డారు.

ఆ సాయంత్రమే హసింతో గోడ మీది పటం తీసి అటకెక్కించాడు. తనలాంటి వెధవ ప్రభువుల ఇంట పుట్టడని ఒప్పుకున్నాడు. ఇకనుంచి ఎవరు గుడ్లు తొక్కినోడా అని పిలిచినా నవ్వుతూ పలుకుతానని అక్కకి మాటిచ్చాడు. ఎందుకో మరి, ఆ వారమంతా ఎవరూ అలా పిలవలేదు.

వారం తిరిగేసరికి కూతురు నియెవెస్ బడి నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది.

"గుడ్లు తొక్కినోళ్ళ పిల్లవని ఏడిపించారా తల్లీ? అది మన తాతల పేరమ్మా, గర్వంగా చెప్పుకో!"

"ఆ పేరెప్పుడో పోయింది నాన్నా! క్లాసులో ఉన్న ఒలివారెస్ పిల్లలంతా కలిసి నన్ను 'ఒలివారెస్, ఒలివారెస్' అని వెక్కిరిస్తున్నారు!"