వంకర కాలరు

దర్జీల సంఘం వాళ్లు ఊరికంతటికీ మేటివాడివని ఇత్తడి కప్పు చేతిలో పెట్టి గంటైనా కాలేదు, దర్జీ దాన్ని పీలికల బుట్టలో పడేసి కత్తెర అందుకున్నాడు.

“ఈ ఒక్క పూటైనా కుదురుగా కూర్చోవయ్యా. అందరం కలిసి తిందాం,” అంది భార్య.

“దేశానికంతటికీ ఇచ్చే కప్పు వచ్చాక తిందాంలే.”

“అప్పటికి మనకి పళ్లుండాలిగా.”

మనిషి చెడ్డవాడు కాదు పాపం. ఎడమచేతి వాటం; ఆ చేతికి సూది దొరికిందంటే చెవులు పనిచేయవు. ఆ ఊరి దర్జీల్లో అప్పుడూ ఇప్పుడూ ఎడమచేత్తో కుట్టేది అతనొక్కడే. అందుకే అతని కుట్టు అందరి కుట్టుకీ ఎదురు వాలుగా పడుతుంది.

అంతలో ఒక ముసలాయన కొట్లోకొచ్చి, ఒంటిమీది బూడిదరంగు కోటు విప్పి బల్లమీద పరిచాడు.

“గుండీ ఊడింది బాబూ. పెడతావా?”

దర్జీ చూపు గుండీ మీద ఆగలేదు. కాలరు ఒక పక్కకి వాలిపోయి ఉంది.

“ఏ మహానుభావుడు కుట్టాడండీ దీన్ని? నిద్రలో కుట్టాడా?”

ముసలాయన నవ్వాడు.

“ఇది తొడుక్కునే పెళ్లి చేసుకున్నాను. నా కూతుర్ని మొదటిసారి ఎత్తుకున్నదీ దీంతోనే. కుట్టినవాడికే నచ్చలేదు. బాగుందయ్యా అని నేను చెప్తుంటే తలెత్తి చూడలేదు, అప్పటికే ఇంకోటి కత్తిరిస్తున్నాడు.”

“చూడకపోవడమే మంచిదైంది. సిగ్గుతో చచ్చేవాడు.”

“కాలరు జోలికి పోకు బాబూ. గుండీ చాలు. రేపొచ్చి తొడుక్కుంటాను, ఒకసారి చూద్దువుగాని.”

ఆయన అటు వెళ్లాడో లేదో, దర్జీ బ్లేడు తీశాడు. ఇలాంటిది తన కొట్టు గడప దాటితే పరువేం కావాలి? మనసంతా వచ్చే పోటీ మీదే ఉంచి, కుట్లవైపైనా చూడకుండా కాలరు పరపరా కోసి బుట్టలో పారేశాడు.

మర్నాడు ముసలాయన రాలేదు. ఆయన కూతురొచ్చింది, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి.

“తెల్లారేసరికి నాన్న లేడండీ. ఎప్పుడు పోయినా ఆ కోటుతోనే పంపమనేవాడు.”

దర్జీ కాలరు లేని కోటుని తెచ్చి బల్లమీద పెట్టాడు.

“కాలరు... కొత్తది వేసిస్తానమ్మా. దానికన్నా బాగుంటుంది.”

“పాతదే కావాలండీ. ఆ వంకరంటేనే ఆయనకి ముచ్చట.”

అతను బుట్టలో చెయ్యి పెట్టి, కప్పుని పక్కకి నెట్టి, తెగిన కాలరు బయటికి తీశాడు. ఏనాటి గుడ్డో, బ్లేడు తగిలినచోటల్లా చివికి విడిపోయింది. ఇక దేనికీ అతకదు.

తిప్పి వెలుతుర్లో పెట్టి చూశాడు.

లోపలివైపు మిగిలిన కాసిని కుట్లూ ఎదురు వాలుగా పడి ఉన్నాయి.

నిన్న ఆ బల్ల ముందు నిలబడింది, పని నేర్చుకునే రోజుల్లో అతను కుట్టిన మొట్టమొదటి కోటుని బతుకంతా ముచ్చటగా తొడుక్కున్న మనిషి.