జ్ఞానయ్య కొడుకు శాంతయ్య

"నా పుస్తకం దిద్దడానికి నువ్వెవడివిరా?"

లెక్చరర్ ఉమాపతి లాగిపెట్టి కొట్టిన దెబ్బకు కంపోజర్ శాంతయ్య పెదవి చిట్లి, డేటాబేస్ పుస్తకం ప్రూఫుల మీద రక్తం చిందింది. నాచారం ప్రెస్సులో మిషన్లన్నీ ఆగిపోయాయి.

పేరు, తండ్రి పేరు, ఊరు నమోదు చేస్తే ఏ ఇద్దరి వివరాలూ ఒకటయ్యే ప్రసక్తే లేదని ఉమాపతి ఆ పుస్తకంలో రాశాడు. శాంతయ్య ఆ వాక్యం కొట్టేసి, 'తప్పు. మనిషికో నంబరు ఉండాలి' అని పక్కన రాశాడు.

"ఏం తప్పురా? చెప్పు!" ఉమాపతి అతని కాలర్ పట్టుకుని గోడకేసి గుద్దాడు.

"మా ఊర్ల పాస్టరు అందరికీ అవే పేర్లు పెట్టిండు సార్. జ్ఞానయ్య కొడుకు శాంతయ్య అంటే ఇద్దరం. పోలీసుల లిస్టుల గా మూడు ముక్కలే ఉండె. ఆ ఇంకో శాంతయ్య కోసమని వచ్చి నన్ను పట్టుకపోయిన్రు."

శాంతయ్య ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. మూడు వేళ్లకు గోళ్లు లేవు.

ఉమాపతి పట్టు సడలింది. "అసలువాడు దొరికాక నిన్ను వదిలేశారు కదా?"

"లేదు సార్. ఇద్దర్ల అసలోడు ఎవడని మళ్ల మొదలువెట్టిన్రు."

కొట్టిన చెయ్యిని ఎక్కడ దాచుకోవాలో ఉమాపతికి తెలియలేదు.