ప్లాస్టిక్ వీపు గిటార్

హనుమకొండ బస్టాండులో ఎవరిదో బియ్యం బస్తా దీప గిటార్ మీద పడింది.

కావాలని ఎవరూ వేయలేదు. సీట్ల కోసం తోపులాట, అంతే.

దీప గబగబా సంచి విప్పింది. పైకి ఒక్క పగులు లేదు. తీగ మీటింది. లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు బుర్రుమంది.

మధ్యాహ్నం మూడింటికి జనగామలో ఒక బడివాళ్ల ముందు వాయించాలి. పాటల టీచరు ఉద్యోగం. రెండేళ్లుగా ఎన్ని దరఖాస్తులు పెట్టినా, రమ్మన్నది ఈ ఒక్క బడే.

ఆ గిటార్ కూడా అందరి గిటార్ లాంటిది కాదు. ముందు చెక్క, వెనక గుండ్రటి ప్లాస్టిక్. భూపాలపల్లి క్వార్టర్లు ఖాళీ చేసి పోతున్న ఒక సారు దగ్గర తండ్రి భిక్షం కొన్నాడు. బొగ్గు బాయిలో పనిచేసేవాడికి గిటార్ల సంగతేం తెలుసు? బిడ్డ అడిగింది, తెచ్చాడు. ఒళ్లో పెట్టుకుంటే జారుతుంది. దోస్తులు గుమ్మడికాయ అని నవ్వేవాళ్లు. కానీ ఆ ఊరి ఎండలకు పక్కింటి చెక్క గిటార్ వీపు నెర్రెలు పడ్డది గానీ, గుమ్మడికాయకు ఏమీ కాలేదు.

జనగామలో దిగి వాద్యాల దుకాణం వెతుక్కుంటూ పోయింది.

దుకాణదారు రఘునాథ్ ఆ వీపును గోటితో కొట్టి చూశాడు.

"ప్లాస్టిక్ గదా చెల్లె. దీంట్ల నీళ్లు పట్టుకోవచ్చు గని, పాట ఏడికెళ్లొస్తది? చెక్కది కొనుక్కో."

"మూడింటికి వాయించాలన్నా."

"లోపల ఏందో ఊడింది. బాగుచేసుడంటె వారం."

"జర ఇటియ్యి బిడ్డా."

అన్నాడు బల్ల మీద కూర్చున్న ముసలాయన. నడుము బాగా వంగిన మనిషి. గార్ల దగ్గరి తండా నుంచి డప్పుకు ప్లాస్టిక్ మూత వేయించడానికి వచ్చాడు.

"ఆయన డప్పుల మనిషి, ఇయ్యకు" అన్నాడు రఘునాథ్.

"తోలు మూతైతె వానకు మెత్తవడి మూగవోతది. ప్లాస్టిక్‌ది ఎండల, వానల ఒక్కతీరుగ మోగుతది. దాన్ని అమ్ముకుంట దాన్నే నవ్వుతవేంది సేటూ?"

దీప గిటార్‌ను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"వద్దు తాతా. గిది మీకు తెల్వదు."

ముసలాయన ఏమీ అనుకోలేదు. గోడ గడియారం పదకొండు దాటింది. ఇంకో దారి లేక దీపే తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఎడమచేతి కణుపులతో తడుతూ, చెవి ఆనించి విన్నాడు. వెనక ఎక్కడ కొట్టినా గట్టిగానే పలికింది. ముందు ఒక్కచోట డొల్లగా పలికింది.

"వీపుకు ఏం గాలె. ముందు చెక్క కింద పట్టీ ఉంటది, అది ఇడిసింది. పాట చెక్కదే బిడ్డా. వీపు దాన్ని ముంగటికి నూకుతది."

"మీకెట్ల తెలుసు?"

"బొగ్గు బాయిల రూఫును గిట్లనే కొట్టి వింటుంటి. డొల్ల పలికితె ఎనక్కి ఉరుకుడే."

తీగలు వదులు చేయించాడు. రఘునాథ్ దగ్గర జిగురు అడిగి, గిటార్ నోట్లో వేలు పెట్టి పట్టీకి రాశాడు. అప్పుడే కొన్న డప్పు పుల్లను కత్తితో కోసి, ఒక కొసకు చేప నోరులా గాటు పెట్టాడు. ఆ పుల్లను లోపల నిలబెట్టాడు. కింద ప్లాస్టిక్ వీపు, పైన పట్టీ.

"అగో, ఎనక పలుగుతది!" అన్నాడు రఘునాథ్.

"సన్న చెక్కైతె పలుగుతుండె. ఇది మోస్తది. రెండు గంటలు కదిలియ్యకు బిడ్డా. తర్వాత పుల్ల గుంజెయ్యి. ఏ ఊరు మీది?"

"భూపాలపల్లి. భిక్షం బిడ్డను."

కత్తి మడుస్తున్న చేయి ఆగింది.

"బాయిల పాటలు పాడేటి భిక్షమా?"

"మా నాయిన ఎర్కనా?"

"పేరు విన్న. ఇప్పుడు గూడ పాడ్తడా?"

"పాడకుంటె అన్నం దిగది ఆయనకు."

ముసలాయన నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు. దీప గడియారం చూసి తల తిప్పేసరికి బల్ల ఖాళీగా ఉంది. సరిగ్గా ఒక మంచిమాట కూడా చెప్పలేదు పిల్ల.

మూడింటికి గుమ్మడికాయ గంటలా మోగింది. మైకు లేకుండానే చివరి బెంచీ దాకా వినపడింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

మర్నాడు పొద్దున భూపాలపల్లిలో భిక్షం చాయ్ తాగుతూ అంతా విన్నాడు. బిడ్డ ఇచ్చిన పుల్లను అటూ ఇటూ తిప్పాడు. గాటు మీద బొటనవేలు పెట్టాడు. బాయిలో రూఫు కింద నిలిపే దుంగలకు పెట్టే గాటు అది. చాయ్ పక్కకు జరిపాడు.

"ఎడమచేతితోటి కోసిండా?"

"అవును."

"నడుము వంగున్నదా?"

"బాగ వంగున్నది. ఎందుకు నాయినా?"

"డప్పు ఎన్నడు తీస్కపోతనన్నడు?"

"శుక్రారమని సేటు అన్నడు."

"శుక్రారం మొదటి బస్సుకు నేనూ జనగామకు వస్త. హీర్యా దవాఖాన నుంచి ఇంటికి పోయిండన్నరు గని, ఏ తండానో ఎవ్వలు చెప్పలే. మూడు తండాలు తిరిగిన బిడ్డా."

"ఎవరు నాయినా హీర్యా?"

భిక్షం పుల్లను కళ్లకు అద్దుకున్నాడు.

"నీకు మూడు నెలలప్పుడు బాయిల రూఫు కూలింది. నేను పాక్కుంట బయటికొచ్చిందాక దాని దూలం హీర్యా వీపు మీదనే ఉండె."