సోమవారం దాకా జడ

పెళ్లిచూపుల్లో కూడా వెంట్రుక అడిగి పరీక్ష యంత్రంలో పెట్టే రోజులవి. వెంట్రుక నెలకు సెంటీమీటరు పెరుగుతుంది. ఆ నెల ఒంట్లోకి వెళ్లిన మందు జాడ ఆ సెంటీమీటరులో ఉండిపోతుంది.

రొయ్యల ఫ్యాక్టరీలో రెండేళ్లు ఆడవాళ్ల టీలో నిద్ర రానివ్వని మందు కలిపారన్న కేసు సోమవారం లేబర్ కోర్టుకు రానుంది. కలపడం ఆపి రెండు నెలలైంది. శనివారం ఉదయం యాజమాన్యం గేటు లోపల నలుగురు క్షురకులను కూర్చోబెట్టింది. శుభ్రత కోసం ఎవరి జుట్టూ రెండు సెంటీమీటర్లు మించకూడదని నోటీసు అంటించింది. కత్తిరించిన జుట్టును వెంటనే బాయిలర్‌లో వేస్తున్నారు.

అరవై మంది తర్వాత పైడమ్మ వంతు వచ్చింది. ఆమె జడ నడుము దాకా ఉంది.

"కూకో పైడమ్మా. మళ్లీ పెరగదా ఏటి?" అన్నాడు సూపర్‌వైజర్ భాస్కర్.

"జుట్టు పెరుగుద్ది బాబూ. మీరు మందెట్టిన రెండేళ్లు అందులో ఉండవు కదా."

"కత్తిరించకపోతే పని పోద్ది. ఇద్దరు పిల్లలు నీకు."

"నిద్దర్లేని అమ్మతో రెండేళ్లు పెరిగారాళ్లు. పన్లేని అమ్మతోనూ పెరుగుతారు."

భాస్కర్ కత్తెర తనే అందుకున్నాడు. పైడమ్మ జడ విప్పి, ఒక వెంట్రుకను కుదురుతో సహా పీకి అతని అరచేతిలో పెట్టింది.

"ఇది అట్టుకెళ్లి మీ ఓనర్‌కియ్యి. నా నెత్తి మీద ఇంకో లచ్చున్నాయి. అయ్యి సోమారం నాతో కోర్టుకొస్తాయి."